సోషల్ ఎపిడెమియాలజిస్ట్ నుంచి యూనివర్సిటీ రీసెర్చ్ డీన్ దాకా: దారి ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ అయ్యి ఆరేళ్లయింది, వయసు 35, ఒక మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నారు. బ్రిటన్‌లోని మైకేల్ మార్మట్‌లాగా సోషల్ ఎపిడెమియాలజీలో, అంటే సమాజంలోని హెచ్చుతగ్గులు జబ్బుల మీద ఎలా పనిచేస్తాయో లెక్కగట్టే సబ్జెక్టులో పనిచేసి, తర్వాత ఒక యూనివర్సిటీలో డీన్‌గా రీసెర్చ్‌ను ముందుండి నడిపించాలని ఉంది. దానికి దారి ఏది, ఇప్పుడు పీహెచ్‌డీ అంటే ఆలస్యమా, ఆ కుర్చీలో కూర్చున్నాక డేటాకు దూరమైపోతామా?

నేను మీ దారిలోనే వచ్చాను. కోస్తాలో ఎంబీబీఎస్, తర్వాత ఎండీ, తర్వాత బ్రిటన్‌లో పీహెచ్‌డీ, వెనక్కి వచ్చి గ్రామాల్లో పని, ఇప్పుడు ఒక యూనివర్సిటీలో ఆరేళ్లుగా రీసెర్చ్ డీన్. ఆలస్యమేమీ కాలేదు, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మిగతా రెండింటికీ జవాబు కొంచెం పెద్దది.

నాకు ఈ సబ్జెక్టు పట్టుకున్న రోజు గుర్తుంది. 2004, ప్రకాశం జిల్లాలో ఒక ఊరు, నేను ఎండీ రెండో ఏడాది. వెర్బల్ అటాప్సీ కోసం వెళ్లాం. అంటే ఇంట్లో చనిపోయినవాళ్లు ఎలా పోయారో కుటుంబాన్ని అడిగి, కారణం తేల్చడం. పోయినతను పొగాకు బ్యారన్‌లో కూలికి వెళ్లేవాడు, 46 ఏళ్లు. భార్య అరుగు మీద కూర్చుని చెప్తోంది, నేను ఫారం నింపుతున్నాను. ఛాతీలో నొప్పి వచ్చిందా, వచ్చింది. ఎడమ చేతిలోకి లాగిందా, లాగింది. చెమటలు పట్టాయా, చొక్కా తడిసిపోయింది. ఎంతసేపు ఉంది? అక్కడ ఆమె ఆగి, రాత్రి ఒంటిగంటకు మొదలైందండీ, ఆటో అతను ఒంగోలుకు నాలుగొందలు అడిగాడు, ఇంట్లో లేవు, మూడిళ్లు తిరిగి తెచ్చేసరికి కోడి కూసింది అంది. నా ఫారంలో దానికి గడి లేదు. నేను 'ఐదు గంటలు' అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. పక్కనున్న ఏఎన్ఎం అక్క మాత్రం నా చేతిలోంచి పెన్ను తీసుకుని, కాగితం అడుగున మార్జిన్‌లో 'ఆటో డబ్బులకి మూడిళ్లు తిరిగింది' అని రాసింది.

ఆ వారం ఫారాలన్నీ ఎపి ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాం. మార్జిన్‌లో ఉన్నది ఎక్కదు కదా. మరణ కారణం గుండె జబ్బు అని కోడ్ పడింది. అది తప్పేం కాదు. కానీ ఆ రాత్రి అదే ఊళ్లో నాలుగొందలు చేతిలో ఉన్న ఇంకొకరికి అదే నొప్పి వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు మా దగ్గర డేటాయే లేదు. సోషల్ ఎపిడెమియాలజీ అంటే నాకు తెలిసి అదే. జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఎలాగూ అడుగుతాం. ఎవరికి ముందు వస్తోంది, ఎవరు ముందు పోతున్నారు, ఆ తేడా ఎక్కణ్నుంచి వస్తోంది అని కూడా అడిగి, లెక్కగట్టి చూపించాలి.

మీరూ ఎండీనే కాబట్టి ఇది మీకు తెలుసు: మన థీసిస్‌లన్నిటిలో ఎస్ఈఎస్ అని, అంటే కుటుంబం సామాజిక ఆర్థిక స్థాయి అని, ఒక వరుస ఉంటుంది. పట్నమైతే కుప్పుస్వామి స్కేల్, పల్లె అయితే ప్రసాద్ లేదా పరీక్. మొదటి టేబుల్‌లో వేసి, పీ వాల్యూ రాసి, చర్చలో ఒక వాక్యం పెట్టి వదిలేస్తాం. నేనూ బీపీ మీద థీసిస్‌లో అలాగే చేశాను. కుప్పుస్వామిలో చదువు, వృత్తి ఇంటి పెద్దవి లెక్కలోకి వస్తాయి. ఆ ఇంట్లో కోడలు ఏం చదివింది, ఆమె చేతిలో పైసా ఆడుతుందా, ఒంట్లో బాగాలేకపోతే ఎవరినీ అడక్కుండా ఆస్పత్రికి వెళ్లగలదా, ఇవేవీ అందులో లేవు. ఆ ఒక్క వరుసను విప్పి చూడటం మొదలుపెడితే మీ కెరీర్ అక్కడే మొదలవుతుంది. కొత్త ప్రాజెక్టు, కొత్త గ్రాంట్ అక్కర్లేదు.

ఇక మార్మట్ విషయం. ఆయన కెరీర్ గురించి మనవాళ్లు 'సర్' బిరుదు దగ్గర మొదలుపెట్టి చెప్తారు, అసలు నేర్చుకోవాల్సింది ముందు భాగంలో ఉంది. లండన్‌లో పుట్టి, సిడ్నీలో పెరిగి, 1968లో అక్కడే మెడిసిన్ పూర్తిచేశారు. తర్వాత అమెరికాలో బర్క్‌లీకి వెళ్లి లియొనార్డ్ సైమ్ దగ్గర పీహెచ్‌డీ, 1975లో అయ్యింది. పని ఏమిటంటే, జపాన్‌లో ఉన్న జపనీయులు, హవాయికి వలస వెళ్లినవాళ్లు, కాలిఫోర్నియాకు వెళ్లినవాళ్లు, ఈ మూడు గుంపుల్లో గుండె జబ్బు ఎలా ఉందో చూడటం. జపాన్ నుంచి దూరం వెళ్లేకొద్దీ జబ్బు పెరుగుతూ పోయింది, అది ఊహించిందే. కానీ కాలిఫోర్నియాలో ఉంటూ కూడా తమవాళ్లతో, తమ పద్ధతులతో ముడిపడి బతికినవాళ్లలో జబ్బు తక్కువగా ఉంది. తిండి, పొగ, బీపీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. మనుషుల మధ్య బంధం రక్తనాళాల్లోకి ఎలా దిగుతుందన్న ప్రశ్న ఆయనకు అక్కడ దొరికింది.

తర్వాత లండన్ వచ్చారు. వైట్‌హాల్ అధ్యయనం అప్పటికే ఉంది, 1967లో డొనాల్డ్ రీడ్, జెఫ్రీ రోజ్ వాళ్లు మొదలుపెట్టింది, బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల్లో మగవాళ్లు దాదాపు 18 వేలమంది. దాని ఉద్దేశం గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, షుగరు వంటివి చూడటం. ఉద్యోగం గ్రేడు అన్నది అందులో ఒక ప్రశ్న మాత్రమే, మన ఎస్ఈఎస్ వరుసలాంటిదే. మార్మట్, రోజ్ వాళ్లు 1978లో ఆ గ్రేడు ప్రకారం మరణాలు విడగొట్టి చూపించారు. అన్నిటికంటే కిందున్న గ్రేడు, అంటే అటెండర్లు, మెసెంజర్లు, వీళ్లలో గుండె జబ్బు మరణాలు పై అధికారుల కంటే 3.6 రెట్లు. ఇంకా ముఖ్యమైంది, తేడా కేవలం అడుగునకూ శిఖరానికీ మధ్యే లేదు. మెట్టు మెట్టుకీ ఉంది. పైనుంచి రెండో మెట్టు మీదున్నవాడు, మంచి జీతం, మంచి ఇల్లు ఉన్నవాడు కూడా, మొదటి మెట్టు వాడికంటే ఎక్కువ ముప్పులో ఉన్నాడు. సిగరెట్టు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కలిపినా ఆ తేడాలో సగం కూడా వివరించలేకపోయాయి.

చూడండి, ఆయన పేరు నిలబెట్టిన ఆ మొదటి ఫలితం వేరేవాళ్లు పదేళ్ల ముందు జాగ్రత్తగా సేకరించిన డేటాలోంచి వచ్చింది. ఆయన తన సొంత అధ్యయనం, వైట్‌హాల్ రెండోది, 1985లో మొదలుపెట్టారు, అదే ఏడాది యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ప్రొఫెసర్ అయ్యి. 10,308 మంది, ఈసారి ఆడవాళ్లు కూడా. 1997లో దాన్నుంచి వచ్చిన ఫలితాన్ని నేను ఇప్పటికీ మా ఫ్యాకల్టీకి చెప్తుంటాను: తమ పని మీద తమకు అదుపు లేనివాళ్లకు, అంటే ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి అన్నది తమ చేతిలో లేనివాళ్లకు, గుండె జబ్బు ఎక్కువ. కింది గ్రేడుల్లో జబ్బు ఎందుకు ఎక్కువన్నదానికి పెద్ద కారణాల్లో అదొకటి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద కమిషన్ వేసి ఆయన్ను అధ్యక్షుణ్ని చేసింది, అందులో మన అమర్త్యసేన్, స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా' నుంచి మిరాయ్ ఛటర్జీ సభ్యులు, నివేదిక 2008లో వచ్చింది. 2010లో ఇంగ్లండ్ కోసం ఇంకో నివేదిక, అక్కడ బాగా పేద ప్రాంతాలవాళ్లు బాగా సంపన్న ప్రాంతాలవాళ్లకంటే సగటున 7 ఏళ్లు ముందే చనిపోతున్నారని తేల్చింది. ఆ తర్వాతే యూనివర్సిటీలో ఆయన నడిపే హెల్త్ ఈక్విటీ సంస్థ వచ్చింది, 2011లో. పీహెచ్‌డీ నుంచి ఇక్కడికి 36 ఏళ్లు. మీకు 35 ఏళ్లకే ఆలస్యం అనిపిస్తోంది కాబట్టి ఈ లెక్క చెప్పాను.

అందరూ ఒకే తోవలో రారు. అనా డియెజ్ రూ బ్యూనస్ ఎయిర్స్‌లో పిల్లల డాక్టరు, అక్కణ్నుంచి జాన్స్ హాప్‌కిన్స్‌కు వెళ్లి పబ్లిక్ హెల్త్, పీహెచ్‌డీ చేశారు. 2001లో ఆమె చూపించింది ఏమిటంటే, మీ ఆదాయం, చదువు, ఉద్యోగం లెక్కలోకి తీసుకున్నాక కూడా మీరు ఏ వాడలో ఉంటున్నారన్నది గుండె జబ్బును ప్రభావితం చేస్తుందని. ఆ పనికీ డేటా తనది కాదు, అమెరికాలో అప్పటికే నడుస్తున్న ఒక పెద్ద గుండె జబ్బుల అధ్యయనానిది. ఆమె 2014లో డ్రెక్సెల్‌లో పబ్లిక్ హెల్త్ స్కూల్ డీన్ అయ్యారు. ఎంబీబీఎస్ లేకుండా ఈ దారిలో రాలేమా అని కూడా నన్ను అడుగుతుంటారు. హాయిగా రావచ్చు. హార్వర్డ్‌లో మన దేశం డేటా మీద ఎంతో పనిచేసిన ఎస్.వి. సుబ్రమణియన్ చదివింది భూగోళశాస్త్రం. సోషియాలజీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ నుంచి వచ్చినవాళ్లతో నేను పనిచేశాను, మన డాక్టర్లకంటే వాళ్లు ప్రశ్న బాగా అడుగుతారు.

మనకు డేటా ఏదీ అంటారేమో. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ల కథ తెలుసుకోండి. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు అక్కడ ఒక అధ్యయనం చేశారు. 15 ఊళ్లలో అంగన్‌వాడీ పథకం వచ్చింది, 14 ఊళ్లలో ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, పిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టేవాళ్లు. పుట్టిన పిల్లల బరువు చూశారు, అయిపోయింది. 2003 నుంచి 2005 మధ్య కొత్త బృందం ఆ పిల్లల్ని మళ్లీ వెతికి పట్టుకుంది, అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, రక్తనాళాల గట్టిదనం, ఇన్సులిన్ పనితీరు కూడా కొంత మెరుగ్గా ఉన్నాయి. ఆ రోజున ఎవరో ఇంటి పేరు, తల్లి పేరు, ఊరు సరిగ్గా రాసిపెట్టకపోతే పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలు దొరికేవాళ్లే కాదు.

గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఇంకో పని జరిగింది. ఒక ఏడాదిలో వచ్చిన 1,354 మరణాలను వెర్బల్ అటాప్సీతో చూస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే, అంటువ్యాధులు 12 శాతం. 2006లో వచ్చిన ఈ ఫలితం చూసే పల్లెటూళ్లలో ఇంకా విరేచనాలు, జ్వరాలే చంపుతాయన్న నా నమ్మకం పోయింది. ఆ ఇళ్లకు వెళ్లి అడిగింది ప్రొఫెసర్లు కాదు, ఆ ఊళ్లలోనే ఉండే ఆరోగ్య కార్యకర్తలు. ఇవి కాక యంగ్ లైవ్స్ అనే అధ్యయనం వాళ్లు 2002 నుంచి మన దగ్గర దాదాపు 3,000 మంది పిల్లలను వెంటాడి చూస్తున్నారు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదు విడతల డేటా అడిగితే ఉచితంగా ఇస్తారు. మీ పీహెచ్‌డీకి కావాల్సింది వీటిలోనే ఉండొచ్చు.

ఇప్పుడు ఆ కుర్చీ సంగతి. రీసెర్చ్ డీన్ రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున ఎథిక్స్ కమిటీ ఫైళ్లు, విదేశీ సంస్థతో పని అయితే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దగ్గర స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఎంతవరకు వచ్చిందన్న ఫోన్లు, ఎవరి గ్రాంట్‌లో డబ్బు మార్చి లోపు ఖర్చు కాలేదన్న గొడవ, ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య ఒక మెషీన్ కోసం పంచాయితీ, సాయంత్రం ర్యాంకింగ్ కోసం పేపర్ల లెక్క. ఇది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఆర్నెల్లలో అలవాటవుతుంది.

అలవాటు కాకూడనిది ఒకటుంది. నేను డీన్ కాకముందు, వేరేచోట, ఒక అధ్యయనం నడుపుతున్నప్పుడు ఒక గ్రాంట్ అయిపోయి ఇంకోటి రావడానికి మధ్య ఖాళీ వచ్చింది. మా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు 11 నెలల కాంట్రాక్టు మీద ఉండేవాళ్లు, నాలుగు నెలలు జీతం రాలేదు. నేను పైకి లెటర్లు రాశాను, వస్తుంది, ఓపిక పట్టండి అని వాళ్లకు చెప్పాను, నా జీతం మాత్రం నాకు నెలనెలా వచ్చింది. అందులో ఒకామె, ఆరు ఊళ్లు చూసేది, ఏ ఇంట్లో అత్తగారి ముందు అడక్కూడదో, ఎవరు పత్తి తీతకు వెళ్లి రాత్రి ఏడుకు గానీ రారో అన్నీ తెలిసిన మనిషి, మానేసి పట్నంలో ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ పనికి చేరింది. తర్వాతి విడతలో ఆ ఆరు ఊళ్లలోనే మనుషులు బాగా దొరక్కుండా పోయారు. రిపోర్టులో దాన్ని 'లాస్ టు ఫాలో అప్' అని, అంటే మళ్లీ దొరకనివాళ్లు అని రాశాం. నేను క్లాసులో పని మీద అదుపు లేకపోతే గుండె జబ్బు వస్తుందని స్లైడ్లు వేసి చెప్పిన రోజుల్లోనే, నా కిందే అదుపు అన్నది ఏమాత్రం లేని పద్నాలుగు మంది పనిచేశారు. ఆ సంగతి నాకు తట్టడానికి ఆమె వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

అందుకే నేను మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే: ఊళ్లలో అడిగే ప్రశ్నను మీ సంస్థలోనూ అడగగలిగితేనే ఆ కుర్చీ తీసుకోండి. డీన్ అయ్యాక నేను చేసిన మొదటి పని, గ్రాంట్ల ఓవర్‌హెడ్ డబ్బులో, అంటే సంస్థ ఖర్చుల కోసం ఇచ్చే వాటాలో, కొంత భాగం పక్కనపెట్టి, రెండు గ్రాంట్ల మధ్య ఖాళీలో ఫీల్డ్ సిబ్బందికి జీతం ఆగకుండా చూడటం. ఫైనాన్స్ వాళ్లను ఒప్పించడానికి తొమ్మిది నెలలు పట్టింది. వాళ్లకు న్యాయం అన్న మాట ఎక్కలేదు, ఒక మనిషి మానేస్తే కొత్తవారికి ట్రైనింగ్‌కు, పోయిన ఇళ్లు మళ్లీ వెతకడానికి ఎంతవుతుందో లెక్కవేసి ఇస్తే సంతకం పెట్టారు. రెండోది, ఏ రోజు ఏ ఊరు వెళ్లాలన్నది ఆఫీసులో కూర్చుని మేం వేయడం మానేశాం, వాళ్లే వేసుకుంటారు. మిర్చి కోతల్లో పొద్దున వెళ్తే ఎవరూ ఉండరని మాకంటే వాళ్లకు తెలుసు. మూడోది, మా యూనివర్సిటీలో కొత్తవాళ్లకిచ్చే చిన్న సీడ్ గ్రాంట్లు ఎవరికి వెళ్తున్నాయో ఐదేళ్లవి తీసి డిపార్ట్‌మెంట్, ఆడ మగ, కాంట్రాక్టు రెగ్యులర్ వారీగా విడగొట్టాను. మెట్లు అక్కడా కనిపించాయి. కారణం పెద్ద కుట్రేం కాదు, నోటీసు డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు మాత్రమే వెళ్లేది, వాళ్లు తమకు గుర్తొచ్చిన ఇద్దరికి చెప్పేవాళ్లు. ఇప్పుడు అందరికీ నేరుగా వెళ్తుంది.

ఇక మీ పని. పీహెచ్‌డీ చేయండి, ఇక్కడైనా బయటైనా, యూనివర్సిటీ పేరు కంటే గైడ్ దగ్గర బతికున్న డేటా ఉందా అన్నది చూడండి. మల్టీలెవెల్ మోడల్స్ బాగా నేర్చుకోండి, మనిషి ఇంట్లో ఉంటాడు, ఇల్లు వాడలో ఉంటుంది, వాడ ఊళ్లో ఉంటుంది, ఆ పొరలు విడదీయడం రాకపోతే ఈ సబ్జెక్టులో అడుగు పడదు. కులం, భూమి, ఆడవాళ్ల పని గురించి మన సోషియాలజీవాళ్లు రాసింది చదవండి, మెడికల్ జర్నల్స్‌లో అది దొరకదు. పీహెచ్‌డీ తర్వాత ఫెలోషిప్‌కు ప్రయత్నించండి, వెల్‌కమ్ ట్రస్ట్, మన బయోటెక్నాలజీ విభాగం కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, దరఖాస్తు రాసేముందు అది వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడండి. నేను బయటికి వెళ్లేటప్పుడు మా అమ్మాయికి రెండేళ్లు, మా అమ్మ వచ్చి మాతో ఉండబట్టి అయ్యింది. ఇంట్లో ఆ మాట ముందే మాట్లాడుకోండి, దరఖాస్తు పెట్టాక కాదు.

పదవులు మాత్రం తొందరగా తీసుకోకండి. 40కే డైరెక్టర్ కుర్చీ ఇస్తామంటే సంతోషంగానే ఉంటుంది, కానీ అప్పటికి మీ చేతిలో కనీసం రెండు విడతలు పూర్తయిన అధ్యయనం లేకపోతే, ఆ తర్వాత అది మొదలవ్వదు. నాకు తెలిసిన మంచి తెలివైనవాళ్లు అలా ఆగిపోయారు.

డేటాకు దూరమవుతామా అంటే, అవుతాం, అబద్ధం చెప్పను. నేను గురువారం ఆఫీసుకు వెళ్లను. ఆ రోజు డేటా ముందు కూర్చుంటాను, లేదా నెలకోసారి ఊరికి వెళ్తాను. మీటింగులు ఆ రోజు పెట్టొద్దని చేరేటప్పుడే రాతపూర్వకంగా తీసుకున్నాను, మీరూ తీసుకోండి. మా ఫారాల్లో ఇప్పుడు చివరి పేజీ మొత్తం ఖాళీగా ఉంటుంది, ఫీల్డ్‌వాళ్లకు రాయాలనిపించింది రాయడానికి. దాన్ని టైప్ చేయించి డేటాతో పాటే దాస్తాం.

ఒక పని చేయండి. మీ ఎండీ థీసిస్ ఎక్సెల్ ఫైలు దొరికితే తెరిచి, ఎన్ని ఇళ్లు, ఏ సంవత్సరం, ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లడానికి పేర్లు, డోర్ నంబర్లు ఉన్నాయా లేదా చూసి ఇక్కడ రాయండి. ఎథిక్స్ అనుమతిలో మళ్లీ సంప్రదించడానికి ఒప్పుకున్నారా అన్నది కూడా. ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి, రెండింటికీ నా దగ్గర మాట ఉంది.